పేరు చెప్పకుండా వెళ్లిన మీకు కృతజ్ఞతలు

మా ప్రాథమిక పాఠశాల రెండో తరగతి గదిలో, ఏ గుర్తింపూ కోరకుండా పిల్లల పక్కన కూర్చుని చదువు చెప్పిన మీకు, ఆ తరగతి ఉపాధ్యాయురాలిగా హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను.

52 నుంచి 27 తీసివేయమంటే, 2లోంచి 7 పోదు కనుక 7లోంచి 2 తీసేసి 35 అని రాసే పిల్లలను నేను పలుమార్లు సరిదిద్దాను. మీరు మాత్రం తప్పు అనే మాటే ఎత్తకుండా, పుల్లలను పదేసి చొప్పున 5 కట్టలు కట్టించి, విడిగా 2 పుల్లలు పెట్టించి, ఒక కట్టను వాళ్ల చేతులతోనే విప్పించినప్పుడు, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో వాళ్లకు కళ్లారా తెలిసింది. 25 అనే జవాబు కంటే ఆ కట్ట విప్పిన క్షణమే నాకు విలువైనదిగా తోచింది.

పెద్దలు చెప్పిన కథలను పిల్లలు తమ మాటల్లో రాసి, తిరిగి వారికే చదివి వినిపించిన సాయంత్రం కూడా మీ ఆలోచనే. ఒత్తులు పలకడానికి జంకి ఎప్పుడూ మౌనంగా ఉండే ఒక చిన్నారి, ఆ రోజు తన నాయనమ్మ ఎదుట ఒక పుట చదివింది. ఆమె మళ్లీ చదవమంటే, ఈసారి గొంతు పెంచి చదివింది.

ఆ పుల్లల కట్టలను భద్రంగా దాచాను. వచ్చే ఏడాది పిల్లలకూ వాటితోనే తీసివేత మొదలుపెడతాను.