మా ఇంట్లో సముద్రానికి పాచి పట్టింది

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "సముద్రపు చేపల ట్యాంకు ఎలా ఉందిరా" అని అడిగితే "బాగానే ఉంది" అని పెట్టేశాను. ఆ రోజు చెప్పబుద్ధి కాలేదు. ఇవాళ తీరిక దొరికింది, మొత్తం రాస్తున్నాను. ఇందులో మీ నాన్నగారి మాట కూడా వస్తుంది.

వినాయక చవితి మర్నాడు నీళ్ళు పోశాను. మూడడుగుల ట్యాంకు. రాళ్ళూ ఇసుకా పోగా 150 లీటర్లు పట్టాయి. ఐదున్నర కిలోల మెరైన్ సాల్ట్ కలిపితే సాంద్రత సముద్రపు నీళ్ళలాగే 1.025కి వచ్చింది. సముద్రాన్ని పక్కన పెట్టుకుని ప్యాకెట్ ఉప్పు ఎందుకురా అంటావు. ఒడ్డున నీళ్ళు ఏ రోజు ఎలా ఉంటాయో చెప్పలేం, ఏ మురుగు కలుస్తుందో తెలీదు. రాళ్ళు కూడా సముద్రంలోవి తేలేదు. ఇలాంటి ట్యాంకుల్లో వేసేవి పగడపు రాళ్ళు. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటి జోలికి పోకూడదు. పోవాలని నాకూ లేదు. అందుకే ఎండు రాళ్ళు, అంటే మీద ప్రాణులేవీ లేనివి, కొన్నాను. ఈ ఎండు రాళ్ళ దగ్గరే కథంతా ఉంది.

చేపలు లేకుండానే సైక్లింగ్ మొదలుపెట్టాను. అంటే నీళ్ళలో కాస్త అమ్మోనియా (చేపలు విడిచే విషం ఇదే) వేసి, దాన్ని తినే బ్యాక్టీరియా రాళ్ళ మీద పెరిగేదాకా ఆగడం. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక టెస్ట్ ట్యూబులో నీళ్ళు తీసి, చుక్కలు వేసి, తెల్లకాగితం ముందు పట్టుకుని చూసేవాణ్ణి. అమ్మోనియా పోతే ఆకుపచ్చ కాస్తా నిమ్మపండు రంగుకి దిగాలి. పదకొండు రోజులు దిగనే లేదు.

పదిహేనో రోజు పొద్దున్న అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని ట్యాంకు ముందు ఆగిపోయింది. "ఏటిరా ఇది, ఇసకంతా తుప్పు పట్టినట్టుంది" అంది. నిజమే. తెల్లటి ఇసుక మీద పొడి జల్లినట్టు గోధుమరంగు పొర. గాజు మీద గోటితో గీస్తే గీత తేటగా పడింది, సాయంత్రానికి మళ్ళీ పూడుకుపోయింది. నాకు ఒకటే టెన్షన్. షాపుకి ఫోన్ చేస్తే పాచి చంపే మందు ఇచ్చారు, పోసెయ్యమన్నారు. సీసా మూత తీశాను కూడా. అప్పుడు తట్టింది: ఇదంతా ఒక్కసారిగా చచ్చి కుళ్ళితే మళ్ళీ అమ్మోనియానే కదా! మూత పెట్టేశాను.

ఆ గోధుమరంగువి డయాటమ్‌లు, ఒంటికణపు పాచి. గాజుకి మూలమైన సిలికాతోనే ఒంటి చుట్టూ గుల్ల కట్టుకుంటాయి. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదో వంతు వీటి చలవేనట, వాటినా నేను చంపబోయింది! నీళ్ళలో సిలికేట్, అంటే కరిగిన సిలికా, ఉన్నంతకాలం వస్తాయి. నేను పోసింది వంటింటి ఆర్వో నీళ్ళు. రుచి కోసం వాటిలో కొంత మామూలు నీరు కలిసేలా మిషన్ని సెట్ చేస్తారు. మీటర్ పెట్టి చూస్తే టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్నవాటి లెక్క) 48. తర్వాత ఆ మిగిలినవాటిని కూడా లాగేసే డీఐ కార్ట్రిడ్జ్ తగిలించి సున్నాకి తెచ్చాను. మూడు వారాల్లో ఆ పొర దానంతటదే పలచబడింది.

అది తగ్గుతుండగానే రాళ్ళ మీద పచ్చటి పీచు లేచింది, మొక్కజొన్న పొత్తు మీద ఉంటుందే, అచ్చం అలా. ఇక్కడ తప్పు నాదే. రోజుకి పది గంటలు లైటు వేశాను. సైక్లింగ్ చేసే బ్యాక్టీరియాకి వెలుతురుతో పనే లేదు, నేను లైటు వేసింది పాచి కోసమే అయింది. పైగా ఎండు రాళ్ళలోంచి పాచికి ఎరువులాంటి ఫాస్ఫేట్ మెల్లగా ఊరుతూ ఉంటుంది. లైటు ఆపేసి, పాత బ్రష్షుతో రుద్ది, ట్యూబుతో ఆ నీళ్ళు లాగేసి కొత్త నీళ్ళు పోశాను.

అలా రుద్దుతుంటే మీ నాన్నగారు గుర్తొచ్చారు. రొయ్యల చెరువులో సీడు (రొయ్యపిల్లల్ని) వదిలే ముందు తవుడూ బెల్లం పులియబెట్టి చల్లి, నీళ్ళకి రంగు వచ్చిందా లేదా అని రోజూ గట్టు మీద నిలబడి చూసేవారు కదా. రంగు రాకపోతే అన్నం సహించేది కాదు ఆయనకి. అది కూడా పాచే. ఆయన రావాలని చూశారు, నేను వచ్చిందని బెంబేలెత్తాను.

మర్నాడు తెన్నేటి పార్కు కింద సముద్రపు ఒడ్డున రాళ్ళ దగ్గరికి వెళ్ళాను. కాలు పెడితే జారేంత పాచి. దాని మీదే నత్తలు మేస్తున్నాయి. సముద్రంలో పాచి లేక కాదు, మేసేవాళ్ళు ఉన్నారు. 1983లో కరీబియన్ సముద్రంలో ఏదో రోగం వచ్చి పాచి మేసే పొడుగు ముళ్ళ సీ అర్చిన్లు (ముళ్ళ బంతుల్లాంటి సముద్ర జీవులు) నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి. ఆ తర్వాత జమైకా పగడపు దిబ్బల్ని పాచి కమ్మేసింది. మరి నా ట్యాంకులో రాళ్ళు బోడివి, మేసేవాడు ఒక్కడూ లేడు. పాచి రాక ఏం వస్తుంది?

ఇరవై ఎనిమిదో రోజున అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. అప్పుడే పాచి మేసే నాలుగు ట్రోకస్ నత్తల్ని తెచ్చాను. గంటన్నర చుక్కచుక్కగా నీళ్ళు అలవాటు చేసి వదిలాను. రాత్రి టార్చి వేసి చూశానురా. ఒక నత్త గాజుకి అంటుకుని, చిన్న నోరు తెరుస్తూ మూస్తూ, ప్రతిసారీ ఒక సన్నటి చార తేటగా చేసుకుంటూ పోతోంది. వాకిట్లో ముగ్గు చెరిపినట్టు వంకర్లు తిరిగి ఉంది ఆ దారి. అమ్మ కూడా వచ్చి కుర్చీ వేసుకుంది. ఇద్దరం పదకొండింటి దాకా అక్కడే.

మొన్న ఒక మూల ఎర్రటి పొర కట్టింది, పాల మీద మీగడలా పట్టి లాగితే మొత్తం వచ్చేసింది. అది సయనోబ్యాక్టీరియా, అసలు పాచి కాదు. నీళ్ళు ఆ మూలకి తిరగట్లేదని, నీళ్ళని కదిలించే వేవ్‌మేకర్‌ని అటు తిప్పాను, తగ్గుతోంది. ఇప్పుడు లైటు ఆరు గంటలే. చేపలు ఇంకా వేయలేదు, తొందర లేదు.

నిన్న దీపావళి దీపాలు పెట్టి వచ్చి చూస్తే వెనక గాజు మీద కుంకుమ చుక్కంత గులాబీ మచ్చ! గీస్తే రాలేదు. కోరలైన్. నత్తల గుల్లల మీద వచ్చి ఉంటుంది. అదీ పాచి జాతే, కానీ రాయిలా గట్టిపడి పరుచుకుంటుంది. అది పట్టిన చోట పీచుకి తావుండదు. ఫోటో తీస్తే కనపడట్లేదు. నాగులచవితికి చెల్లెమ్మనీ పిల్లల్నీ తీసుకుని రా, టార్చి వేసి చూపిస్తాను. మీ నాన్నగారిని కూడా తీసుకురారా, నా నీళ్ళ రంగు ఆయన చూడాలి.

నీ
రాజు