జాలరిపేట నుంచి ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విశాఖపట్నం జాలరిపేట. మా నాన్న చిన్నప్పటి నుంచి వేటకి వెళ్ళిన మనిషి. నలభై దాటాక బోటు మీద తూలడం మొదలైంది. చేతులు, భుజాలు వాటంతటవే కదిలేవి. పొద్దున్నే తాగొస్తున్నాడని తోటివాళ్ళు వేటకి పిలవడం మానేశారు. ఆయన జన్మలో సారా ముట్టలేదు. ఒక ఆసుపత్రిలో నరాల బలహీనత అని రెండేళ్ళు బలం మాత్రలు రాశారు. చివరికి రక్తం వేరే ఊరు పంపిస్తే, మెదడుని మెల్లమెల్లగా దెబ్బతీసే హంటింగ్టన్ జబ్బని తేలింది. తాత కూడా ఇలాగే పోయారు. అప్పుడు గాలి సోకిందన్నారు.

ఇది నాలుగో క్రోమోజోములోని ఒక జన్యువు లోపం. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. మేం ముగ్గురం. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలో తెలియక అమ్మ రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు.

ఆ జన్యువు 1993లో దొరికింది. ఎలా దొరికిందో చదివి ఏడ్చేశాను. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున ఉండే పేద జాలరి కుటుంబాలు ఏళ్ళ తరబడి రక్తం ఇచ్చాయి. ఇదే జబ్బుతో తల్లిని పోగొట్టుకున్న నాన్సీ వెక్స్‌లర్ అనే శాస్త్రవేత్త ఏటేటా అక్కడికి వెళ్ళి వాళ్ళ వంశవృక్షాలు రాసుకున్నారు. వాళ్ళూ మాలా వలలు లాగేవాళ్ళే, మంత్రి గారూ.

ఇప్పుడు నాన్నకి ఇస్తున్న టెట్రాబెనజీన్ అనే మందు కదలికల్ని కాస్త తగ్గిస్తుంది, జబ్బుని ఆపదు. కేంద్రం 2021లో అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది, చికిత్సకి 50 లక్షల వరకు సాయం అంటున్నారు. ఆపే మందే లేనప్పుడు ఆ సాయంతో ఏం కొనుక్కోవాలి?

అందుకే పరిశోధనకి డబ్బు అడుగుతున్నాను. ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నుంచి ఇక్కడుంది. దాని ఆసుపత్రి కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. ఆంధ్రా యూనివర్సిటీలో మానవ జన్యుశాస్త్ర విభాగం ఉంది. వీటిని కలిపి వంశపారంపర్య మెదడు జబ్బులకి ఒక నిధి పెట్టండి. మెషీన్ కొని రిబ్బన్ కత్తిరిస్తే సరిపోదు. పరిశోధకులకి కనీసం పదేళ్ళ జీతాలు కావాలి, ఇంటింటికీ తిరిగి వంశ చరిత్ర రాసేవాళ్ళు కావాలి, జన్యు పరీక్షకి ముందూ తర్వాతా కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలర్ కావాలి. ఏం తేలుతుందోనన్న టెన్షన్ తట్టుకోలేకే నేనింకా పరీక్ష చేయించుకోలేదు. మేనరికాలు ఎక్కువున్న మన దగ్గర, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు లాంటి వంశపారంపర్య జబ్బులూ ఉంటాయి. విల్సన్ జబ్బుని త్వరగా గుర్తిస్తే మందులతో అదుపులో పెట్టొచ్చు.

రక్తం ఇవ్వడానికి మా బంధువుల్లో పదకొండు మందిమి సిద్ధంగా ఉన్నాం. నాన్నకి మాట పడిపోయింది. ఈ లేఖ చదివి వినిపిస్తే తల ఊపి, చెయ్యి ముందుకు చాపారు.

ఇట్లు,
ఒక జాలరి కూతురు
విశాఖపట్నం