నూనె రంగులు, స్కేలు పెట్టిన చెయ్యి

విశాఖపట్నం

చి. అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన రంగుల పెట్టె నాలుగు నెలలు అల్మారాలో పడుకుని ఇప్పటికి లేచింది. ఇల్లంతా టర్పెంటైన్ కంపేనని ఈసడిస్తూనే, వచ్చినవాళ్లందరినీ వరండాలోకి తీసుకెళ్లి మరీ చూపిస్తోంది మీ అమ్మ.

గురువు లేడు కనుక బ్రాక్ అనే ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మ ముందు పెట్టుకున్నాను. 1909లో వేసిన, ఫ్రాన్సు తీరంలోని నార్మండీ రేవు. అసలుది షికాగోలో ఉంది, దాదాపు చదరంగా ఉంటుంది. నేను అందులో సగం కొలతకు కాన్వాసు బిగించాను. రెండు పడవలు, రెండు దీపస్తంభాలు, మిగిలినదంతా ముక్కలు ముక్కలుగా విరిగిన నీళ్లూ ఆకాశమూ. బ్రాక్ తండ్రీ తాతా గోడలకు రంగులేసే వృత్తివాళ్లు. ఆయన పెరిగింది కూడా మనలాగే ఒక రేవు పట్నంలో, లె హావ్ర్‌లో. ఈ బొమ్మను మాత్రం పారిస్‌లో కూర్చుని జ్ఞాపకం మీద వేశాడట.

ముప్పై ఏళ్లు స్కేలు పట్టి ప్లాన్లు గీసినవాడిని, ఇవన్నీ గీతలేగా అనుకున్నాను. గీసి, గళ్లు నింపాను. తీరా చూస్తే స్నానాలగది టైల్స్! మీ అమ్మ నవ్వు రెండు రోజులు ఆగలేదు.

ప్రింటును భూతద్దంతో వారం చూశాక అర్థమైంది. ఆ మనిషి ఏ ముక్కకూ నాలుగు వైపులా గోడ కట్టలేదు. ఒక అంచు కత్తిలా తెగుతుంది, అవతలి అంచు పక్కదాంట్లోకి జారిపోతుంది. తెరచాప ఎక్కడ అయిపోయిందో వేలు పెట్టి చూపించలేం. అందుకని బూడిద రంగు తడిగా ఉండగానే పొడి కుంచెను ఆకాశం వైపు మెల్లగా ఈడ్చాను. మూడోసారికి కుదిరింది. ఆశపడి నాలుగోసారి ఈడిస్తే బురదైంది.

నూనె రంగు నీటి రంగులా ఆవిరై ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని గట్టిపడుతుంది. అందుకే అడుగు పూత టర్పెంటైన్‌తో పలచగా, పైపైకి వెళ్లేకొద్దీ నూనె ఎక్కువగా వెయ్యాలి. తిరగేస్తే తర్వాత పగుళ్లే. ఇక్కడి తేమకో ఏమో, పది రోజులైనా తెల్లరంగు వేలికి అంటుతోంది. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి కాబట్టి నీళ్ల బకెట్‌లో ముంచుతున్నాను, భయపడకు.

ఒక దొంగతనం చేశాను. ఎడమవైపు దీపస్తంభం తీసేసి డాల్ఫిన్ నోస్ కొండ పెట్టాను. ఆయన జ్ఞాపకం మీద వేయగా లేనిది, నేను వేస్తే తప్పా? చిన్నప్పుడు బీచ్ రోడ్డు మీద నిలబడి ఆ కొండను ఓడ అనేదానివి, ఎప్పుడు బయల్దేరుతుందని రోజూ అడిగేదానివి. అందుకే దాని ముక్కు దగ్గర ఒక అంచు తెరిచి వదిలాను.

ఆ చోటు ఇంకా తడిగానే ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు వేలు పెట్టకు.

ఇట్లు,
నాన్న