వార్షిక నివేదిక: మన దేవగన్నేరు మొక్కలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘంలో ఎక్కువ మంది చెయ్యి వేసిన పని దేవగన్నేరు మొక్కలు నాటడం. ఆరేడు మీటర్లకు మించి పెద్దగా పెరగదు, వేళ్లు గోడల జోలికి పోవు, పూల వాసన సరేసరి. అందుకే నడిచే దారి పక్కన ఎండ బాగా తగిలే చోట దీన్నే వేశాం.

విత్తనం వేస్తే పువ్వు కోసం ఏళ్లు ఆగాలి, తల్లి చెట్టు రంగే వస్తుందనీ లేదు. కాబట్టి మూరెడు లోపు ముదురు కొమ్మలు కోసి, ఆకులు తీసేసి, నీడలో పది రోజులు ఆరబెట్టాం. కోసినప్పుడు కారే పాలు ఒంటికి తగిలితే దురద పెడతాయి, కంట్లో పడకూడదు. గ్లవ్స్ తప్పనిసరి. కోత ఎండి పొర కట్టాకే ఇసుక కలిపిన మట్టిలో నాటాం. తొందరపడి పచ్చి కోతతో పెట్టినవి అడుగు నుంచి కుళ్లిపోయాయి.

అసలు నష్టం చలికాలంలో జరిగింది. ఆకులన్నీ రాలి మోడుల్లా నిలబడేసరికి చాలామందికి టెన్షన్ పట్టుకుంది. ఎండిపోతున్నాయని రోజూ బకెట్లతో నీళ్లు పోశారు. ప్రేమతో పోసినవే. ముందుగా చెప్పకపోవడం కార్యవర్గం పొరపాటు. మనం నాటింది కొనదేరిన ఆకుల రకం, ఏటా ఆకు రాలుస్తుంది. (మొద్దు కొన ఆకుల రకం దాదాపు ఏడాదంతా పచ్చగానే ఉంటుంది, అది చూసిన వాళ్లు కంగారుపడటం సహజమే.) ఆకు లేనప్పుడు చెట్టు నీళ్లు తాగేది చాలా తక్కువ. పాదులో నిలిచిన నీళ్లే వేళ్లను కుళ్లబెడతాయి.

బతికుందో లేదో చూడాలంటే కొమ్మను రెండు వేళ్లతో నొక్కండి. గట్టిగా ఉంటే భయం లేదు. మెత్తగా లోపలికి పోతే, కుళ్లు లేని తెల్లటి భాగం వచ్చేదాకా కోసి ఆరనివ్వాలి. అలా కోసిన ఒక మొక్క, వేసవి మొదట్లో కోత కిందనే రెండు చిగుళ్లు వేసింది. వేలి గోరంత, ఎర్రగా, నిగనిగలాడుతూ.

పూసినవి కొన్నే. తెల్లటి ఐదు రేకులు, మధ్యలో పసుపు. సాయంత్రం దాటాక ఆ దారిన నడవండి, వాసన రాత్రిపూటే ఎక్కువ. తేనె లేకపోయినా ఆ వాసనతోనే చిమ్మటలను రప్పించుకుంటుంది.

వానల్లో ఆకుల అడుగున నారింజ రంగు పొడి కనిపించింది. అది తుప్పు తెగులు. రాలిన ఆకులు ఏరి దూరంగా పారేశాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. చనిపోయిన మొక్కల చోట ఈసారి మట్టి ఎత్తుచేసి మళ్లీ కొమ్మలు నాటుతాం. ఆకులు రాలడం మొదలవగానే నీళ్ల బకెట్లు పక్కన పెట్టి, చిగురు కనిపించాకే మళ్లీ పోయాలని మనవి.