ఎవరో ఈల వేస్తే అందరూ మోకాళ్ళ మీద

ఎడిటర్ గారికి, నమస్కారం.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న గురువారం సాయంత్రం బడి నుంచి వచ్చి, టిఫిన్ కూడా వద్దని, ఒక మూల కూర్చుని రాసుకుంటోంది. ఏంటా అని చూద్దును కదా, పేజీలో పైనుంచి కిందకు "నేను, నేను, నేను" అని ఒక వరుస, పక్కన "టీచర్‌కు" అని ఇంకో వరుస, ఆ పక్కన "ఎదురు". నేను టీచర్‌కు ఎదురు చెప్పను అని రెండు వందల సార్లు రాసుకురావాలట. ఇంపోజిషన్ త్వరగా తెమలాలంటే ఇలా నిలువుగా రాయాలని ఎవరూ నేర్పరు, అయినా పిల్లలందరికీ వచ్చు, మా రోజుల్లో మాకూ వచ్చు.

జరిగిందేమిటంటే, సైన్స్ మేడం బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీల్లో ఎవరో ఈల వేశారు. ఎవరని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. దాంతో క్లాసు క్లాసునంతా వరండాలో మోకాళ్ళ మీద నిలబెట్టారు, బెల్లు కొట్టేదాకా. మా పిల్ల "నేను ముందు బెంచీ మేడం, నేను వేయలేదు" అంది. అంతే. ఈల వేసినవాడికి ఒక పీరియడ్ శిక్ష, వేయలేదన్నదానికి దాంతోపాటు ఇంపోజిషన్, పైగా అందరి ముందూ "లాయరమ్మ" అని ఒక పేరు. గచ్చు గరుకు మోకాళ్ళ మీద అచ్చు పడింది, కొబ్బరినూనె రాస్తే తెల్లారేసరికి తగ్గింది. ఆ పేరు మాత్రం ఇప్పుడు క్లాసంతా పిలుస్తున్నారు.

మర్నాడు వెళ్ళి అడిగాను. ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే మాట్లాడారు, టీ కూడా తెప్పించారు. "మేం కొట్టలేదు కదండీ" అన్నారు. ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను. నిజమే, బెత్తం తగ్గింది, వాత కనిపిస్తే ఎవరో ఒకరు ఫొటో తీస్తారని భయం. కనపడనివన్నీ అలాగే ఉన్నాయి. ఫీజు కట్టలేదని పరీక్ష రోజు గది బయట నిలబెడతారు, బాకీ తండ్రిది, నిలబడేది పిల్ల. మాట్లాడినవాళ్ళ పేర్లు రాయమని లీడర్ చేతికి సుద్దముక్క ఇచ్చి స్టాఫ్ రూముకు వెళ్ళిపోతారు, వాడు తనకు పడనివాళ్ళ పేర్లన్నీ రాసిపెడతాడు.

కొట్టకపోతే చాలని చట్టంలో లేదు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది పద్నాలుగేళ్ళ వరకే అంటారా, 2015 నాటి బాల న్యాయ చట్టం పద్దెనిమిదేళ్ళ దాకా వర్తిస్తుంది, 75వ సెక్షన్ కింద పిల్లల్ని హింసిస్తే మూడేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ మేడం జైలుకు వెళ్ళాలని నాకేమీ లేదండీ. ఆవిడకిచ్చే జీతమెంతో ఊళ్ళో అందరికీ తెలుసు, అంతమంది పిల్లల మధ్య రోజంతా అరిచి అరిచి గొంతు పోతుందనీ తెలుసు. కానీ ఇదేంటని అడగడానికి మాకొక చోటు ఉండాలా వద్దా? సర్కారు బడిలో యాజమాన్య కమిటీ ఉంటుంది, అందులో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టం చెబుతోంది. సర్కారు ఎయిడ్ లేని ప్రైవేటు బడికి ఆ నిబంధన లేదు. వేలకు వేలు కట్టే మాకు ప్రిన్సిపాల్ గారి టీయే గతి. మండల విద్యాధికారికి (ఎంఈఓ) రాస్తానంటే మా ఆవిడ "పిల్ల ఇంకా రెండేళ్ళు అక్కడే చదవాలి, ప్రాజెక్టు మార్కులు వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి, ఊరుకోండి" అంది. ఊరుకున్నాను.

అసలు నోరెత్తే హక్కు నాకెంతుందో కూడా అనుమానమే. చేర్పించిన రోజు నేనే నవ్వుతూ "కళ్ళు రెండూ వదిలేసి చర్మం ఒలిచేయండి మేడం" అన్నాను, మా నాన్న మా మాస్టారితో అన్న మాటే. పిల్ల పక్కనే నిలబడి వింది.

జిల్లా విద్యాశాఖాధికారి గారిని అడిగేది ఒక్కటే. ఇలాంటివి ఎవరికి చెప్పుకోవాలో ఆ అధికారి ఫోన్ నంబరు, దాంతోపాటు పిల్లల హెల్ప్‌లైన్ 1098, ప్రతి ప్రైవేటు బడి గేటు దగ్గర పిల్లలకు కనపడేలా రాయించండి. మా బడి గేటుకు ఇప్పుడు టెన్త్ మార్కుల ఫ్లెక్సీ కట్టి ఉంది, పక్కన జాగా చాలానే ఉంది.

- ఒక విద్యార్థిని తండ్రి, తాడేపల్లిగూడెం