ఆ రెండు పెల్లెట్ పొయ్యిలు ఎవరింట్లో ఉన్నాయో, దయచేసి వెలిగించకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది తిరుపతి, కొర్లగుంట. నేనూ మా కోడలూ ఇంట్లోనే నిప్పట్లు, మురుకులు, ఆర్డరుంటే ఓళిగలు చేసి ఇస్తుంటాం. మూతపడిన ఒక హోటల్ నుంచి మూడు పెల్లెట్ పొయ్యిలు పాత సామాన్ల అంగడికి వచ్చాయి. అందులో ఒకటి మేము కొన్నాం, అది మా ఇంట్లో నలుగురి ప్రాణాల మీదికి తెచ్చింది. మిగతా రెండూ ఎవరికి అమ్మాడో అంగడాయనకు గుర్తు లేదు, బిల్లు లేదు, ఫోన్ నంబరూ రాసుకోలేదు. ఒకటి ఊళ్లోనే ఎవరో తీసుకున్నారనీ, ఇంకోదాన్ని చిత్తూరు వైపు వాళ్లు ఆటోలో వేసుకుపోయారనీ మాత్రం చెప్పాడు. వాళ్లు మీ పత్రిక చదువుతారేమోనన్న ఆశతో ఈ జాబు రాస్తున్నాను.

గుర్తులు ముందే చెప్తాను. నడుము ఎత్తులో గుండ్రటి ఇనప డ్రమ్ము, తుప్పు మీదే కొత్తగా పూసిన ఆకుపచ్చ రంగు, పక్కన పెల్లెట్లు పోయడానికి ఏటవాలుగా తొట్టి, ఆ తొట్టి అంచుకు అడ్డంగా ఒక వెల్డింగ్ అతుకు. కింద బ్లోయర్, అంటే గాలి ఊదే కరెంటు ఫ్యాన్. ఇట్లాంటిది మీ ఇంట్లో ఉంటే మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు దాన్ని వెలిగించకండి, ఆరి ఉన్నప్పుడు ప్లగ్గు పీకేయండి.

పెల్లెట్లు అంటే మన పక్క చాలామందికి ఆవులకు పెట్టే దాణానే గుర్తొస్తుంది. చూడ్డానికి ఇవీ అట్లాగే, 6 నుంచి 8 మిల్లీమీటర్ల లావున ఉంటాయి, కాకపోతే శెనక్కాయ పొట్టు, రంపపు పొట్టు వంటివి మెషీన్‌లో ఒత్తి చేస్తారు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఖర్చు మాలాంటి చిన్న పనికి గిట్టుబాటు కాదు, ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడటం తప్పు, అందుకని చాలా టిఫిన్ సెంటర్లు, హాస్టల్ మెస్సులు వీటికి మారాయి. మేము ఆ లెక్కతోనే కొన్నాం. పెల్లెట్ పొయ్యి చెడ్డదని నేను అనడం లేదు, బాగున్న పొయ్యి అయితే మంట నీలంగా, పొగ లేకుండా చక్కగా మండుతుంది, అంగడి దగ్గర పది నిమిషాలు మండించి చూపించినప్పుడు మేము ముచ్చటపడ్డాం కూడా.

అయితే ఒక్క విషయం మాకెవరూ చెప్పలేదు. కట్టెల పొయ్యికి గాలి దానంతట అదే వస్తుంది, దీనికి రాదు. కింద బ్లోయర్ తిరిగితేనే అడుగు నుంచి కొంత గాలి, పైన చుట్టూ ఉండే బెజ్జాల నుంచి ఇంకొంత గాలి వచ్చి, పెల్లెట్లలోంచి లేచే గ్యాసు పూర్తిగా మండుతుంది. బ్లోయర్ ఆగితే మంట కనపడదు గానీ పొయ్యి ఆరిపోదు. లోపల కిలోలకొద్దీ నిప్పులు గాలి చాలక కుములుతూ ఉంటాయి. అప్పుడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువగా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. పొగ పలచబడింది కదా, ఇంకేం లేదులే అనుకుంటాం. మేమూ అదే అనుకున్నాం.

పోయిన కార్తీక సోమవారం. పొద్దుటి నుంచీ ఒకటే వాన, జల్లు లోపలికి కొడుతోందని వంటింటి కిటికీలు మూసేశాం. సాయంత్రం ఐదున్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, వంటింటి ప్లగ్గుకు మాత్రం ఇన్వర్టర్ లైను లేదు, బ్లోయర్ ఆగిపోయింది. కాసేపు తెల్లటి పొగ వచ్చి తగ్గింది. సరే, ఆరిపోయిందిలే అని దాన్ని అట్లాగే ఒక మూల వదిలేసి పక్కనే గ్యాస్ పొయ్యి మీద పని సాగించాం, తెల్లారి గృహప్రవేశానికి ఓళిగలు ఇవ్వాలి, ఆ టెన్షన్‌లో ఉన్నాం. గంట గడిచేసరికి మా కోడలు తల పగిలిపోతోంది అత్తా అంది. ఉపవాసం కదా, కాసిన్ని పాలు తాగు అన్నాను. నాకు కడుపులో తిప్పి వాంతి అయింది, గ్యాస్ట్రిక్ అనుకున్నాను. ఐదేళ్ల మనవడు ఆడుకుంటూ ఆడుకుంటూ వంటింటి గడప దగ్గరే పడి నిద్రపోయాడు, పాపం అలిసిపోయాడు అనుకున్నాం. ముందు గదిలో మా ఆయన కళ్లు తిరుగుతున్నాయని మంచం దిగలేదు. నలుగురికీ నాలుగు కారణాలు చెప్పుకున్నాం గానీ, ఒకే ఇంట్లో ఒకే గంటలో అందరికీ ఎందుకిట్లా అవుతోందని ఒక్కరికీ తోచలేదు. ఆ గ్యాసు మొట్టమొదట మత్తెక్కించేది ఆలోచననే అని తర్వాత డాక్టరు చెప్పాడు.

ఏడుంబావుకు మా అబ్బాయి రేణిగుంటలో డ్యూటీ దిగి వచ్చాడు. బయటి నుంచి వచ్చినవాడు కాబట్టి వాడికి తేడా తెలిసింది. పిల్లోణ్ని ఎత్తుకుని, మమ్మల్ని రెక్కలు పట్టుకుని వానలోకే లాక్కొచ్చి వీధిలో నిలబెట్టాడు. మా ఇంట్లో కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ ఉంది. పిల్లోడి వేలికి పెడితే 98 చూపించింది, నాకు 97. ఆ అంకెలు చూసి మేము ఇంట్లోకి తిరిగి వెళ్లబోయాం. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి: వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ ఈ గ్యాసును కనిపెట్టలేదు. రక్తంలో ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ దానికి తేడా తెలియదు, రెండింటినీ కలిపి మంచి అంకె చూపిస్తుంది. పైగా హిమోగ్లోబిన్ ఈ గ్యాసును ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలిలో కూర్చుంటే రక్తంలో అది సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగమవుతుంది. అందుకే బయటి గాలికి తలనొప్పి తగ్గినా ఆస్పత్రికి వెళ్లాలి, ముఖ్యంగా పిల్లలు, గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు. వెళ్లి తలనొప్పి, వాంతులు అని చెప్తే సరిపోదు, మూసిన గదిలో పొయ్యి కుమిలింది అని చెప్పండి, అప్పుడే వాళ్లు రక్తపరీక్షలో ఆ గ్యాసు సంగతి చూస్తారు. 108 వాళ్లు వచ్చేసరికే మా మనవడు కళ్లు తెరిచి నీళ్లు అడిగాడు. ఆ రాత్రంతా నలుగురం ఆక్సిజన్ మాస్కులతో ఉన్నాం.

మరుసటి రోజు పొద్దున తొమ్మిదింటికి మా అబ్బాయి పొయ్యిని పెరట్లోకి తీసి విప్పాడు. పదిహేను గంటలు దాటాక కూడా బూడిద అడుగున ఎర్రటి నిప్పులున్నాయి. ఆ బూడిదను ప్లాస్టిక్ బకెట్‌లో పోసి పెరట్లో మూలన పెట్టడం అంతకుముందు రోజుల్లో మేమే చేసేవాళ్లం, తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. పెల్లెట్ల బూడిదను మూత ఉన్న ఇనప డబ్బాలోనే, ఇంటి బయట, నేల మీద కనీసం రెండు రోజులు ఉంచాలి.

ఇక పొయ్యి లోపల చూసినవి. అసలు బ్లోయర్ ఎవరో తీసేసి దానికన్నా చిన్నది బిగించారు, దానికీ రెండు రెక్కలు విరిగి ఉన్నాయి. పైన చుట్టూ ఉండే గాలి బెజ్జాల్లో సగానికి పైగా రాయిలా గడ్డకట్టిన బూడిదతో, నూనె జిడ్డుతో మూసుకుపోయాయి. అంటే కరెంటు ఉన్నప్పుడు కూడా అది సరిగ్గా మండటం లేదన్నమాట, మేము గిన్నెల అడుగున అంటుకునే నల్లటి మసిని చూసి పెల్లెట్లు మంచివి కావేమో అనుకున్నాం. తొట్టికీ నిప్పుల గిన్నెకూ మధ్య అడ్డంగా మూసే రేకు ఉండాలి, అది లేదు. తొట్టి మూత వంకరపోయి సరిగ్గా పట్టదు. లోపలున్న పెల్లెట్లు సగం దాకా నల్లగా కాలి ఉన్నాయి, నిప్పు వెనక్కి తొట్టిలోకి పాకింది, మా అబ్బాయి ఇంకో గంట ఆలస్యమై ఉంటే పక్కనున్న పెల్లెట్ బస్తా కూడా అంటుకునేదేమో. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది వైరు. ఎర్త్ తీగ కత్తిరించి రెండు పిన్నుల ప్లగ్గు తగిలించారు, టెస్టర్ పెడితే డ్రమ్ము మీద కరెంటు వెలిగింది. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి నెల రోజులు ఆ పొయ్యి ముందు పని చేశాం.

ఇట్లాంటి పొయ్యి మండుతుండగా బ్లోయర్ ఆగితే ఏం చేయాలో ఇప్పుడు నాకు తెలుసు. ముందు మనుషుల్ని బయటికి పంపండి, తలుపులూ కిటికీలూ తెరవండి, వాన జల్లు వచ్చినా సరే. స్విచ్ ఆపేయండి, ఎందుకంటే కరెంటు వచ్చినప్పుడు బ్లోయర్ ఒక్కసారిగా తిరిగితే లోపల పేరుకున్న గ్యాసు గుప్పున అంటుకుని మంట ముఖం మీదికి రావచ్చు. తొట్టికి అడ్డరేకు ఉంటే మూసేయండి, ఇంక పెల్లెట్లు వేయకండి. వంగి గొట్టంతో ఊదకండి. నీళ్లు అసలే పోయకండి, వేడి ఇనుము మీద నీళ్లు పడితే ఆవిరి, బూడిద, నిప్పులు కలిసి పైకి చిమ్ముతాయి, ఇనుము పగలొచ్చు కూడా. మండుతున్న పొయ్యిని ఇద్దరు పట్టుకుని బయటికి మోసే సాహసం వద్దు. తొట్టిలోంచి మంట లేస్తోందంటే ఇంక మన చేతిలో పని కాదు, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మళ్లీ వెలిగించేటప్పుడు ఆరలేదేమో అనే అనుమానం ఉన్న పొయ్యిలో కిరోసిన్, డీజిల్, పెట్రోల్ ఏదీ పోయకూడదు, వేడికి ఆవిరయ్యి పేలినట్టు అంటుకుంటాయి.

పాతది కొనాల్సిన అవసరం ఉంటే, మాకు ఉన్నట్టే చాలామందికి ఉంటుంది, పది నిమిషాల మంట చూసి డబ్బులివ్వకండి. గంట మండించమనండి, బ్లోయర్ చప్పుడు మారుతుందేమో వినండి, గిన్నె అడుగున మసి పడుతోందేమో చూడండి. చల్లారాక ప్రతి బెజ్జంలోకీ సన్నటి తీగ దూర్చి చూడండి. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పెల్లెట్లు ఎండుగా, విరిస్తే టక్కున విరిగేట్టు ఉండాలి, మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు చెమ్మ పట్టి పొడి అయిపోతాయి, ఆ పొడి గాలిని ఆపేస్తుంది. ఇంకో మాట, హోటల్‌లో ఈ పొయ్యిల మీద పొగ లాగేసే పెద్ద హుడ్డు, పక్కన ఎప్పుడూ తెరిచి ఉండే తలుపులు ఉంటాయి. అదే పొయ్యి పది అడుగుల వంటింట్లో పెడితే ఆ సౌకర్యం ఉండదు. రేకుల పందిరి కింద, మూడు వైపులా గాలి ఆడేచోట పెట్టుకోవాలి. మా తమ్ముడి కొడుకు అమెరికాలో ఉంటాడు, అక్కడ చలికి ఇళ్లలో పెల్లెట్ పొయ్యిలు పెట్టుకుంటారు. వాటికి గోడలోంచి బయటికి పొగ గొట్టం ఉంటుందనీ, గొట్టం మూసుకుపోయినా వేడి హద్దు మీరినా లోపలికి పెల్లెట్లు పోవడం దానంతట అదే ఆగిపోతుందనీ, గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకుంటారనీ చెప్పాడు. మనం కొనే హోటల్ పొయ్యికి ఇవేవీ ఉండవు. అలారం మాత్రం ఇక్కడా ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, మేము ఒకటి తెప్పించాం. పొగ అలారం వేరు, ఇది వేరు, కొనేటప్పుడు పేరు సరిగ్గా చూసుకోండి.

అధికారులకు కూడా ఒక విన్నపం. బయోమాస్ పొయ్యిల (కట్టెలు, పొట్టు వంటివి మండించేవి) నుంచి ఎంత కార్బన్ మోనాక్సైడ్, ఎంత పొగ రావచ్చో హద్దులు పెడుతూ భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2013లోనే ఐఎస్ 13152 ప్రమాణాన్ని సవరించింది. కొత్త పొయ్యి కొనేవాళ్లు కనీసం ఆ గుర్తు ఉందా అని అడగగలరు. పాత సామాన్ల అంగడిలో ఎవర్ని అడగాలి? బ్లోయర్ మార్చారా, ఎర్త్ ఉందా, ఏ భాగం లేదు అని ఒక చీటీ రాసి, కొన్నవాళ్ల ఫోన్ నంబరు తీసుకుని అమ్మమని చెప్తే చాలు. అంగడాయన మోసగాడని నేను అనుకోవడం లేదు, ఆయనకూ తెలియదు. తెలియని వస్తువు ముగ్గురు తెలియని మనుషుల చేతులు మారి మా వంటింటికి వచ్చింది.

మా పొయ్యి పెరట్లోనే ఉంది. తూకానికి వేస్తే మళ్లీ ఎవరో రంగు పూసి అమ్ముతారని మా అబ్బాయి తొట్టిని కోసేసి, వైరు కత్తిరించి పెట్టాడు. ఆ మిగతా రెండు పొయ్యిలు కొన్నవాళ్లెవరైనా మీ కార్యాలయానికి ఫోన్ చేస్తే దయచేసి మా నంబరు ఇవ్వండి. తిరుపతి అయినా చిత్తూరు అయినా సెలవు రోజున మా అబ్బాయి వచ్చి విప్పి చూపిస్తాడు, డబ్బులేమీ వద్దు. అంతవరకు దాన్ని వెలిగించకుండా ఉంటే చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి