హెల్మెట్‌ని తిరగేసి చూడు

అమలాపురం,
ఆదివారం రాత్రి.

చిరంజీవి బుజ్జమ్మకి,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మామ్మా, అమ్మా, నేనూ అందరం కులాసా. మన వీధి చివరి మాస్టారి అబ్బాయి వచ్చే వారం లీడ్స్ వస్తున్నాడు. అమ్మ ఆవకాయ, సున్నుండలు కట్టింది. ఆ సంచిలోనే ఈ ఉత్తరమూ, బ్రౌన్ కవరులో ఆరు ప్రింట్లూ పెడుతున్నాను. నూనె అంటకుండా కవరుని పాలిథిన్‌లో చుట్టాను, జాగ్రత్తగా విప్పు.

హెల్మెట్ల మీద ప్రాజెక్టు చేస్తున్నానని నువ్వు చెప్పిన రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. మ్యూజియంలోని పాత శిరస్త్రాణాలే కాకుండా ప్రకృతిలో దొరికే హెల్మెట్లు కూడా తీస్తానన్నావు. గవ్వ, కాయ, పురుగు, ఏదైనా సరే తలకి తొడిగినట్టుంటే చాలన్నావు. ఆ మాట నాకెంత నచ్చిందో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను.

నువ్వు పంపిన పన్నెండు ఫొటోలూ స్టూడియోలో పెద్ద స్క్రీన్ మీద చూశాను. మీ లీడ్స్‌లోని ఆయుధాల మ్యూజియం రాయల్ ఆర్మరీస్‌లో తీసిన ఆ కొమ్ముల హెల్మెట్ దగ్గర ఆగిపోయాను. 1511, 1514 మధ్య మాక్సిమిలియన్ చక్రవర్తి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో చేయించి ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి కానుకగా ఇచ్చినది. పొట్టేలు కొమ్ములు, కళ్లజోడు, రెండు రోజులుగా గీయని గడ్డం, ఆఖరికి ముక్కు కొసన చీమిడి బొట్టుతో సహా చెక్కాడు ఆ పనివాడు. మిగతా కవచమంతా తర్వాతి కాలంలో పాత ఇనుము కింద పోయి ఈ తల ఒక్కటే మిగిలిందంటే మనసుకి ఎలాగో అనిపించింది.

ఆ ఫొటోని బాగా జూమ్ చేస్తే నుదుటి మీద చిన్న మెరూన్ మచ్చ ఉంది. అది నువ్వే. ఆ మెరూన్ స్వెట్టరులో, మోచేతులు దగ్గరకి పెట్టుకుని కెమెరా పట్టుకుని నిలబడ్డావు. అమ్మకి చూపిస్తే స్క్రీన్ మీద వేలు పెట్టి చాలాసేపు చూసి, "పిల్ల చిక్కిపోయిందండీ" అంది. ఆ ఫైలు డిలీట్ చెయ్యకు, మాకు కావాలి. ప్రాజెక్టుకి మాత్రం వేరేది తియ్యి.

నున్నటి ఇనుము గుండ్రంగా ఉందంటే గదిలో ఉన్నదంతా దాని మీద పడుతుంది. పెళ్లిళ్లలో వెండి చెంబులు తీసేటప్పుడు ఇన్నేళ్లూ నేను పడ్డ తిప్పలు ఇవే. లెన్సుకి తొడిగే పోలరైజర్ ఫిల్టరు పెడితే పోతుందనుకోకు. అది తగ్గించేది షోకేసు గాజు మీది మెరుపుని. అదీ ఎదురుగా నిలబడితే కాదు, పక్కకి జరిగి ఇంచుమించు 55 డిగ్రీల వాలులో చూసినప్పుడు. ఇనుము మీది ప్రతిబింబానికి అది పనికిరాదు. దానికి లైటైనా మారాలి, నువ్వైనా జరగాలి. మ్యూజియంలో లైటు మన చేతిలో ఉండదు కాబట్టి నల్ల చొక్కా వేసుకుని వెళ్లు. లెన్సు చుట్టూ నల్లగుడ్డ కట్టి గాజుకి దగ్గరగా పెట్టు, తగలనివ్వకు. జనం పల్చగా ఉండే పూట చూసుకో.

ఇప్పుడు కవరులోని మొదటి మూడు ప్రింట్లు తియ్యి. అవి కొమ్ము పురుగువి. పోయిన నెల మన చెట్ల కాయలు దింపే అతను కొబ్బరి మొవ్వులోంచి ఇనుప కొక్కెంతో లాగి, అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చిచ్చాడు. చిన్నప్పుడు వానాకాలంలో వరండా లైటు కింద వెల్లకిలా పడి కొట్టుకుంటుంటే నువ్వు పుల్లతో తిరగేసేదానివి, అదే. కొబ్బరి రైతుకి అది శత్రువు. మొవ్వు తొలిచిందంటే, ఆకు విచ్చుకునేసరికి కత్తెరతో విసనకర్రలా కత్తిరించినట్టు వస్తుంది. కానీ లెన్సులోంచి చూస్తే, రెండంగుళాలు లేని ఒంటి మీద ఎంత పనితనమో! జపాన్ వాళ్లు దీని దాయాది పురుగుని కబుతోముషి అంటారు. కబుతో అంటే సమురాయ్‌ల శిరస్త్రాణం, ముషి అంటే పురుగు. అదే సమురాయ్‌లలో కొందరు శంఖంలా, కుందేలు చెవుల్లా, చేప తోకలా హెల్మెట్లు చేయించుకున్నారు. పురుగుని చూసి హెల్మెట్ అన్నారు, శంఖాన్ని చూసి హెల్మెట్ చేశారు. ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే నువ్వు కింద ఏమీ రాయక్కర్లేదు.

పెళ్లి ఉంగరాలు తీసే మాక్రో లెన్సే వాడాను. మొదట మామూలుగా లైటు వేస్తే వీపు మీద రెండు తెల్లటి చుక్కలు పడి ప్లాస్టిక్ బొమ్మలా వచ్చింది. అప్పుడు బటర్ పేపర్ని గొట్టంలా చుట్టి, పురుగుని మధ్యలో పెట్టి, లైట్లు కాగితం బయటి నుంచి ఇచ్చాను. కొమ్ము మొదలు నుంచి కొస దాకా ఒకే ఒక్క సన్నని తెల్ల గీత పాకింది. రెండో పక్క చిన్న నల్ల అట్టముక్క నిలబెడితే అంచు తేలింది. అంత దగ్గరి నుంచి తీస్తే ఫోకస్ వెంట్రుకంత మేరే ఉంటుంది కదా, అందుకని కొమ్ము కొస నుంచి వీపు దాకా 38 ఫ్రేములు తీసి కలిపాను. మూడో ప్రింటు మాత్రం పురుగుని తిరగేసి తీసింది. పైన అంత గట్టి నల్లటి పెంకు, కింద ఎర్రటి మెత్తని నూగు. అన్నిటికన్నా నాకు అదే ఇష్టం.

నీకు చెప్పాలనుకున్నది ఇదే బుజ్జమ్మా. నీ పన్నెండు ఫొటోల్లో ఒక్క హెల్మెట్‌కీ లోపలి భాగం లేదు. అన్నీ బయటి నుంచే, అన్నీ ఎదురు నుంచే. హెల్మెట్ ఎవరికోసం చేశారో ఆ తల ఉండాల్సిన చోటు లోపల కదా.

నాలుగో ప్రింటు పంపర పనస. అడ్డంగా పల్చటి చెక్క కోసి వెనక నుంచి లైటు వేశాను. పసుపు తోలు చూస్తే కాగితమంత, దాని కింద తెల్లటి దూది రెండు వేళ్ల మందం. అంత బరువైన కాయ చెట్టు మీంచి పడినా పగలకుండా కాపాడేది ఆ దూదే. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో శాస్త్రవేత్తలు దెబ్బని ఓర్చుకునే పదార్థాలు చెయ్యడానికి ఈ తొక్కనే పరీక్షించి చూశారు. బైకు హెల్మెట్ కూడా అంతే, పైన గట్టి పెంకు, లోపల థర్మాకోల్ లాంటి పొర. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలుగుతూ, తల ఒక్కసారిగా ఆగకుండా కాస్త వ్యవధి ఇస్తుంది. ఒకసారి నలిగాక మళ్లీ పొంగదు, అందుకే పడిన హెల్మెట్‌ని మళ్లీ పెట్టుకోకూడదంటారు. అయిదో ప్రింటులో ఉన్నది మన కొబ్బరి డొక్క. పీచుకి పక్క నుంచి లైటు ఇచ్చాను, పోగు పోగూ లెక్కపెట్టొచ్చు.

మీ ఊరికి దగ్గర్లోనే, కాజిల్‌ఫోర్డ్‌లో పుట్టిన శిల్పి హెన్రీ మూర్ సంగతి నువ్వే ఒకసారి చెప్పావు. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులోని కాంబ్రే దగ్గర విషవాయువు బారిన పడి బతికి బయటపడ్డవాడు. తర్వాత లీడ్స్‌లోనే బొమ్మలు నేర్చుకున్నాడు. 1939 నుంచి ఆయన చేసిన హెల్మెట్ తలలు చూడు. పెంకు లోపల ఇంకో చిన్న రూపం నిలబడి ఉంటుంది, కడుపులో బిడ్డలా. వాటిని తీసే అవకాశం దొరికితే ఆ సందులోకి లైటు ఎలా వెళుతోందో ముందు కళ్లతో చూసుకో, తర్వాతే కెమెరా ఎత్తు.

ఆర్మరీస్‌లోనే ఏనుగు కవచం ఉంది కదా, దాని తలభాగం వదలకు. మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ భార్య మన దేశం నుంచి తీసుకెళ్లింది. అప్పుడు మన గోదావరి జిల్లాలూ మద్రాసు ఏలుబడిలోనే ఉండేవి. మొదట 8,439 ఇనుప రేకులుండేవి, ఇప్పుడు 5,840 ఉన్నాయి. రేకులు ఊడిపోయిన చోట కూడా ఒక ఫొటో తియ్యి.

లండన్ వెళ్లినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో, సటన్ హూ అనే చోట దొరికిన పాతకాలపు హెల్మెట్ దగ్గర ఒక పూటంతా ఉండు. 1939లో తవ్వకాల్లో దొరికినప్పుడు అది వందల ముక్కలు. ఒకసారి అతికించి, తప్పని తేలి, 1970-71లో మళ్లీ విప్పి అతికించారు. కనుబొమలు రెక్కలు, ముక్కు ఒళ్లు, మీసం తోక, మొత్తం కలిపితే ఎగిరే పక్షి. నువ్వు వెతుకుతున్నది అదే కదా.

ఇక ఆరో ప్రింటు. ఇది ఇంతవరకూ నీకు చూపించలేదు, అమ్మకీ చూపించలేదు.

నువ్వు పుట్టకముందు సంగతి. అప్పట్లో యాక్సిడెంట్ జరిగితే స్టేషన్ నుంచి స్టూడియోకే కబురు వచ్చేది, ఫొటోలు మేమే తీసేవాళ్లం. ఓ రోజు తెల్లవారుజామున కాలవగట్టు రోడ్డు మీదికి పిలిచారు. నేను వెళ్లేసరికి కుర్రాణ్ణి తీసుకెళ్లిపోయారు. బండి గట్టు వాలులో పడి ఉంది. హెల్మెట్ బండి అద్దం కాడకి తగిలించి ఉంది. మీద ఒక్క గీత లేదు. హెల్మెట్ ముందు మొహానికి అడ్డంగా ఉండే అద్దానికి అంటించి వచ్చే ప్లాస్టిక్ పొర కూడా ఇంకా తియ్యలేదు. వాళ్లు అడిగిన ఫ్రేములు తీసేశాక, ఎందుకో వంగి దాని లోపలికి చూశాను. గుడ్డ తెల్లగా ఉంది. చెమట మరక లేదు, ఒక్క వెంట్రుక లేదు. ఆ ఫొటో ఎవరూ అడగలేదు. అయినా తీశాను. రోల్‌లో ఆఖరి ఫ్రేము. నెగటివ్ ఇన్నాళ్లూ ఇనప్పెట్టెలో ఉంది, మొన్ననే స్కాన్ చేసి ప్రింటు వేశాను.

నా చేతిలో కొన్ని వేల పెళ్లిళ్ల ఫొటోలు వచ్చాయి. నేను తీసినవాటిలో ఒక్కటే దాచుకోమంటే ఇదే దాచుకుంటాను. దీన్ని నీ ప్రాజెక్టులో పెట్టుకుంటావో, పెట్టుకోవో నీ ఇష్టం. పెడితే ఊరి పేరు రాయకు, ఆ కుర్రాడి వాళ్లు ఇక్కడే ఉన్నారు.

కాలేజీకి సైకిల్ మీద వెళుతున్నానన్నావు. ఆ హెల్మెట్‌ని కిటికీ దగ్గర బల్ల మీద వెల్లకిలా పెట్టు. కిటికీ వెలుతురు చాలు, ఫ్లాష్ వద్దు. లోపలి ఫోమ్ ఎక్కడ నలిగిందో, నీ జుట్టు ఎక్కడ చిక్కుకుందో, గడ్డం కింద పట్టీ ఎక్కడ చెమటకి రంగు మారిందో అన్నీ కనిపించేలా తీసి, ముందు అది పంపు. అమ్మా నేనూ ఎదురుచూస్తుంటాం.

మీ నాన్న